బిడ్డను ఇంటికి పంపే ముందు కాలికి ఒక్కసారి ఆక్సీమీటర్ పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో నెలకు ఒకటి రెండు సార్లయినా ఒక చిన్న బాక్సు కనిపిస్తుంది. ఒళ్లో నెలల బిడ్డతో తల్లి ఫొటో, పైన చిన్నారి గుండెకు సాయం కావాలని హెడ్డింగు, కింద ఫోన్‌పే నంబరు. నేను వాటిని వదలకుండా చదువుతాను, చేతిలో ఉన్నంత పంపిస్తాను కూడా. దాదాపు ప్రతిదాంట్లో ఒక మాట ఉంటుంది, 'పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు, నెలల తర్వాత గుండె జబ్బు బయటపడింది' అని. నా ఉత్తరం ఆ మాట గురించే. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడని ఎవరు చూసి చెప్పారు, ఎలా చూశారు?

నేను హైదరాబాద్‌లోని ఒక బస్తీలో ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచర్‌గా పని చేస్తున్నాను. నెల నెలా పిల్లల్ని తూచి, ఎత్తు కొలిచి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించడం మా డ్యూటీ. ఏ బిడ్డ బరువు ఆగిపోయిందో, ఏ తల్లికి పాలు చాలడం లేదో ఇంట్లో వాళ్లకంటే ముందు మాకే తెలుస్తుంది. అలాంటిది నా సొంత మనవడి విషయంలో ఆరు వారాలు నాకేమీ అర్థం కాలేదు. ఈ మాట రాయడానికి చేయి ఆడడం లేదు, కానీ రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం ఉండదు.

మా అమ్మాయికి కిందటేడు నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయింది. సిజేరియన్. బాబు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు, పుట్టగానే గట్టిగా ఏడ్చాడు, నాలుగో రోజు డిశ్చార్జి చేశారు. ఐదో నెలలో తీయించిన టిఫా స్కాన్‌లో, అంటే కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్‌లో, అంతా నార్మలే అని వచ్చింది కాబట్టి ఎవరికీ ఏ టెన్షనూ లేదు. ఇంటికి వచ్చిన పది రోజులకు మొదలైంది. పాలకు నోరు పెడతాడు, నాలుగు గుక్కలు తాగి వదిలేస్తాడు, ఆయాసపడి మళ్లీ పట్టుకుంటాడు, ఒక్కసారి పాలు పట్టడానికి ముప్పావు గంట పడుతుంది, ఈలోపు నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలబడుతుంది. ఫ్యాన్ కింద, జనవరి నెలలో. మా వియ్యపురాలు దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేశాం. నేను 'పాలు తాగడం కూడా వాడికి కష్టమైన పనే కదా, చెమట పట్టకుండా ఉంటుందా' అన్నాను. మా అమ్మాయి నా మాట నమ్మింది, ఎందుకంటే పిల్లల సంగతి నాకు తెలుసని బస్తీలో అందరూ నమ్ముతారు. నెల నిండేసరికి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. దగ్గర్లోని క్లినిక్‌లో నెమ్ము అన్నారు, యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది, మళ్లీ సిరప్.

ఆరో వారం టీకా కోసం మా పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. ఏఎన్‌ఎం బాబును త్రాసు మీద పెడితే మూడు కిలోల నూట యాభై. పుట్టిన బిడ్డ మొదటి పది రోజులు పోతే, తర్వాత రోజుకు పాతిక ముప్పై గ్రాములు పెరగాలని ఊరందరికీ చెప్పే దాన్ని నేను. ఈ లెక్కన వాడు నాలుగు కిలోలకు దగ్గర్లో ఉండాలి. డాక్టరమ్మ టీకా ఆపించింది, స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది, తర్వాత ఆక్సీమీటర్‌కు ఉండే ఒక చిన్న ప్రోబ్, అంటే మెత్తటి పట్టీ లాంటిది, తెచ్చి కాలి పాదానికి చుట్టింది. తెర మీద రక్తంలో ఆక్సిజన్ 84 శాతం అని వచ్చింది. ఇంకోసారి పెట్టింది, 83. 'పుట్టిన ఆసుపత్రిలో ఇలా కాలికి పెట్టి చూశారా అమ్మా' అని అడిగింది. మేం ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం.

అదే సాయంత్రం పెద్దాసుపత్రిలో ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. జబ్బు పేరు టీఏపీవీసీ. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఊపిరితిత్తుల్లో శుభ్రమైన రక్తాన్ని గుండెకు తెచ్చే సిరలు నాలుగుంటాయి, అవి ఎడమ పక్క గదిలోకి రావాలి, మా బాబుకి నాలుగూ కుడి పక్కకు కలిశాయి. అంటే మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోయి అదే ఒంటికంతా పోతోంది. రెండు గదుల మధ్య ఉన్న చిన్న దారి వల్ల అన్నాళ్లు బతికాడు. స్కాన్‌లో ఈ లోపం తప్పిపోవడం చాలా సహజమట, కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు రక్తం పోయేదే తక్కువ కాబట్టి ఆ సిరలు సన్నగా ఉంటాయి, కనిపించవు. అందుకని టిఫా తీసిన వాళ్లను నేను ఒక్క మాట అనను. కానీ పుట్టాక నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. డిశ్చార్జి కాగితంలో గుండె నార్మల్ అని రాసి ఉంది. బిల్లులో పసిబిడ్డ సంరక్షణకని విడిగా ఒక మొత్తం ఉంది. కాలికి ప్రోబ్ పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలే దొరకలేదు.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు, ఛాతీ మీద నిలువు గీత ఒకటి ఉంది. మేం అదృష్టవంతులం. ఐసీయూ బయట మాతోపాటు కూర్చున్న ఒక జంటకు ఆ అదృష్టం దక్కలేదు. వాళ్ల పాపకు గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయి, పుట్టిన మూడో రోజు ఇంటికి తీసుకెళ్లారు, ఐదో రోజు తెల్లవారుజామున ఒళ్లు చల్లబడితే ఆటోలో తెచ్చారు.

ఆ పాప సంగతి విన్నాకే నాకు అసలు విషయం తెలిసింది. కడుపులో బిడ్డ ఊపిరి తీసుకోదు కాబట్టి ఊపిరితిత్తుల దగ్గర రక్తం పక్కదారిన పోవడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. పుట్టిన తర్వాత కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. మామూలు బిడ్డకు అదే మంచిది. గుండెలో కొన్ని రకాల లోపాలున్న బిడ్డకు మాత్రం ఆ గొట్టమే ప్రాణాధారం, అది తెరిచి ఉన్నన్ని రోజులూ బిడ్డ గులాబీ రంగులో, హాయిగా నిద్రపోతూ కనిపిస్తుంది, సరిగ్గా మనం ఇంటికి తెచ్చుకుని బారసాలకు ముహూర్తం చూసుకునే రోజుల్లో అది మూసుకుపోతుంది. ముందే తెలిస్తే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు డ్రిప్పులో ఇచ్చి గొట్టం మూసుకోకుండా ఆపి, ఆపరేషన్ దాకా బిడ్డను కాపాడుకోవచ్చు. తారుమారైన రక్తనాళాలను సరిచేసే ఆపరేషన్ మొదటి రెండు మూడు వారాల్లో జరగడం మంచిదట. అంటే చేతిలో ఉన్నవి రోజులే.

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు, వెయ్యికి ఒకరో లక్షకు ఒకరో అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. ఢిల్లీలో ఎయిమ్స్ డాక్టర్లు ఒక మామూలు ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఎకో తీసి చూశారు, మొత్తం 20,307 మందికి. అందులో 164 మందికి పట్టించుకోవాల్సిన గుండె లోపం తేలింది, అంటే వెయ్యికి ఎనిమిది మంది. ఆ 164 మందిలో 33 మందివి వెంటనే చూడకపోతే ప్రాణం పోయే రకం. ఆ లెక్క 2016లో అచ్చయింది. ప్రపంచం మొత్తం సగటు చూసినా వెయ్యికి ఎనిమిది, తొమ్మిది దగ్గరే ఉంటుందట. ఇదే లెక్క మనకూ వేసుకోండి. నెలకు వెయ్యి కాన్పులయ్యే పెద్ద ప్రసూతి ఆసుపత్రి అయితే నెలకు ఎనిమిది మంది పిల్లలు, వాళ్లలో ఒకరిద్దరు ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు. తెలంగాణ మొత్తంలో ఏటా సుమారు 6 లక్షల మంది పిల్లలు పుడతారు, అంటే దాదాపు 5 వేల చిన్న గుండెలు. దేశం మొత్తం మీద ఏటా 2 లక్షలు. మా అంగన్‌వాడీకి వచ్చిన పిల్లల్లో కూడా ఇన్నేళ్లలో ఎంతమంది ఉండి ఉంటారో, నెమ్ముతో పోయాడు, జ్వరంతో పోయింది అని నేను రిజిస్టర్లో రాసిన పేర్లలో ఎన్నిటి వెనక గుండె ఉందో అని ఆలోచిస్తే రాత్రి నిద్ర పట్టదు.

ఇంక ఆ పరీక్ష సంగతి. కరోనా అప్పుడు మనలో చాలామంది ఇళ్లకు ఆక్సీమీటర్ వచ్చింది, వేలికి పెట్టుకుని రోజుకు పదిసార్లు చూసుకున్నాం. అదే పని. కాకపోతే పసిబిడ్డకు పెద్దవాళ్ల క్లిప్ పనికిరాదు, బిడ్డ చేతికి, పాదానికి చుట్టే మెత్తటి ప్రోబ్ వేరే ఉంటుంది, కాబట్టి దయచేసి ఇంట్లో ఉన్నదాన్ని పసివాళ్ల మీద ప్రయోగించకండి. పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికి ఒకసారి, ఏదో ఒక కాలికి ఒకసారి పెడతారు. 95 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, చేతికీ కాలికీ తేడా మూడుకు మించకపోతే బాగున్నట్టు. ఎక్కడైనా 90 కంటే తక్కువ వస్తే వెంటనే డాక్టరును పిలవాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూస్తారు. సూది లేదు, రక్తం తీయడం లేదు, బిడ్డ నిద్ర కూడా లేవదు. కంటితో చూస్తే తెలియదా అంటారేమో, మన ఒంటి రంగుకు అంత తేలిగ్గా తెలియదు, ఆక్సిజన్ ఎనభైల్లోకి పడిపోయినా చాలాసార్లు నీలం కనిపించదు. ఆరు వారాలు రోజూ వాడికి నూనె రాసి స్నానం చేయించింది నేనే, నాకే కనిపించలేదు.

అమెరికాలో 2011లోనే పుట్టిన ప్రతి బిడ్డకూ చేయాల్సిన పరీక్షల జాబితాలో దీన్ని చేర్చారు. దీన్ని తప్పనిసరి చేసి అమలు పెట్టిన రాష్ట్రాల్లో ప్రమాదకరమైన గుండె లోపాలతో పోయే పసివాళ్ల సంఖ్య మూడో వంతు తగ్గిందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. మూడో వంతు! ఆపరేషన్లు అవే, డాక్టర్లు అవే, ముందు తెలియడం ఒక్కటే తేడా. ఊరికే హడావుడి పెట్టే పరీక్ష కూడా కాదు, 24 గంటల తర్వాత చేస్తే బాగున్న బిడ్డను జబ్బు బిడ్డ అని చూపించేది చాలా చాలా అరుదు, ఒకవేళ గుండె కాకపోయినా ఇన్ఫెక్షనో ఊపిరితిత్తుల సమస్యో బయటపడుతుంది.

మన దగ్గర వీలు కాదు అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అని తేలింది. 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక ప్రభుత్వ దవాఖానాల్లో కాన్పులు ఎలా పెరిగాయో మా బస్తీలోనే చూశాను. అదే సర్వేలో మన రాష్ట్రంలో పదింట ఆరు కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే అందరికంటే ఎక్కువ. అది మంచి సంగతి కాదు, దాని గురించి వేరే ఉత్తరం రాయాలి, కానీ దాని అర్థం ఏమిటంటే పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా మూడు నాలుగు రోజులు నర్సు చేతికి అందేంత దూరంలోనే ఉంటున్నారు. అమెరికాలో రెండు రోజులకే ఇంటికి పంపే చోట చేస్తున్నారు, నాలుగు రోజులు ఉంచుకునే మనకు టైమ్ లేదంటే ఎలా? 2013లో మొదలైన, పిల్లలకు ప్రభుత్వం ఆరోగ్య పరీక్షలు చేయించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో గుండె జబ్బు మొదటి నుంచీ ఉంది. ఆ కార్యక్రమం టీములు మా కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు వస్తాయి, పిల్లల్ని చూస్తాయి, మంచి పని. కానీ టీము వచ్చేసరికి బిడ్డకు ఆరు నెలలు ఉంటే, ఐదో రోజు పోయే బిడ్డ ఆ వరుసలో ఉండదు కదా. ప్రైవేటులో పుట్టిన బిడ్డ సంగతి సరే సరి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పరీక్ష అన్నిటినీ పట్టదు. ప్రాణాపాయం ఉన్న లోపాల్లో నాలుగింట మూడింటిని పట్టుకుంటుంది. జనం ఎక్కువగా వినే 'గుండెలో రంధ్రం' అంటే కింది గదుల మధ్య ఉండేది, అన్నిటికంటే ఎక్కువ మందికి వచ్చేది అదే, దాంట్లో ఆక్సిజన్ తగ్గదు కాబట్టి ఆక్సీమీటర్‌కు దొరకదు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడుకుంటాయి, భయపడక్కర్లేదు. పెద్దవైతే నెల, రెండు నెలలకు బయటపడతాయి, మా బాబులో చూసిన గుర్తులే అన్నీ, పాలు ఆగి ఆగి తాగడం, నుదుట చెమట, బరువు పెరగకపోవడం, తగ్గి మళ్లీ వచ్చే నెమ్ము. అలాంటి రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిపోయి, తర్వాత డబ్బున్నా ఆపరేషన్ చేయలేని స్థితి వస్తుంది. ఇక్కడే మా అంగన్‌వాడీ వాళ్లూ, ఆశాలూ, ఏఎన్‌ఎంలూ పనికొస్తాం. ఆరో వారం టీకాకు వచ్చిన ప్రతి బిడ్డనూ తూచి, స్టెత్ పెట్టించి, ఒకసారి కాలికి ప్రోబ్ పెట్టించండి చాలు. మాకు ఇచ్చే శిక్షణలో ఎత్తు బరువుల గురించి గంటలు గంటలు చెబుతారు, బరువు ఆగిపోతే గుండె కూడా కారణం కావచ్చని ఇరవై ఏళ్లలో ఒక్కరు కూడా నాకు చెప్పలేదు. పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు కలుపుతున్నారేమో అని తల్లులను మందలించాను. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే నన్ను క్షమించాలి.

తల్లిని అనడం ఇంకో బాధ. గ్రహణం పూట బయటికి వెళ్లిందని ఒకరు, కడుపుతో ఉండగా బరువులు ఎత్తిందని ఒకరు, మా అమ్మాయి ఐసీయూ బయట ఇవన్నీ విన్నది. బిడ్డ గుండె ఎనిమిదో వారానికల్లా తయారైపోతుంది, అప్పటికి చాలామంది ఆడవాళ్లకు తాము కడుపుతో ఉన్నట్టు సరిగ్గా తెలిసి కూడా ఉండదు. ఎక్కువ మందికి కారణమే దొరకదు. దొరికే కారణాల్లో తల్లికి ముందు నుంచీ షుగర్ ఉండి అదుపులో లేకపోవడం, మొదటి నెలల్లో రుబెల్లా సోకడం, ఫిట్స్ లాంటి వాటికి వాడే కొన్ని మందులు, మేనరికాలు ఉన్నాయి. పుట్టుకతోనే జన్యువుల్లో తేడా ఉండే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. మేనరికం చేసుకున్న వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, కానీ ఆ జంటలకు ఐదో నెలలో టిఫాతో పాటు బిడ్డ గుండెకు ప్రత్యేకంగా ఎకో తీయించుకోమని చెప్పేవాళ్లు ఉండాలి.

జబ్బు తెలిశాక మన దగ్గర దారి లేకపోలేదు, అది కూడా చెప్పాలి, చాలామంది డబ్బుకు భయపడే దాచుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2004 తర్వాత, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి పిల్లల గుండె ఆపరేషన్లు చేయించడం మొదలైంది, మా బస్తీ నుంచి ఇద్దరు పిల్లల్ని నేనే క్యాంపుకు తీసుకెళ్లాను. 2007లో ఆరోగ్యశ్రీ పుట్టింది ఆ అనుభవం నుంచే. పసిపిల్లల గుండెల కోసం మొదలైన పథకం మనది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పసిపిల్లల్ని సమయానికి ఆపరేషన్ బల్ల దాకా చేర్చలేకపోతే ఎలా? ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. నిమ్స్, నిలోఫర్ ఉన్నాయి. సిద్దిపేట జిల్లా కొండపాకలో సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండెలకు బిల్లు కౌంటరే లేకుండా ఉచితంగా చేస్తారు. ఆంధ్రాలో వాళ్లకు తిరుపతిలో టీటీడీ 2021లో పెట్టిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. కేరళలో 2017 నుంచి 'హృద్యం' అని నడుస్తోంది, లోపం తెలిసిన బిడ్డ పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే ఏ ఆసుపత్రిలో చేయాలో చూసి ప్రభుత్వమే చేయిస్తుంది. మన దగ్గర ఆ పని తండ్రి చేయాలి, ఫైలు చంకలో పెట్టుకుని, ఒక్కో ఆసుపత్రి మెట్టు ఎక్కుతూ. మా అల్లుడు పదకొండు రోజులు తిరిగాడు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. హైదరాబాద్‌లో కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా, గల్లీలోని నర్సింగ్ హోమ్ అయినా, బిడ్డ డిశ్చార్జి కాగితం మీద రెండు అంకెలు రాయాలి, కుడి చేయి ఎంత, కాలు ఎంత అని. ఆ అంకెలు లేకుండా బిడ్డను పంపకూడదని వైద్య ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఎంతమందికి చేశారు, ఎంతమందికి తేడా వచ్చింది, వాళ్లు ఎక్కడికి వెళ్లారు అని నెల నెలా లెక్క బయటపెట్టాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగలేని వాళ్లు, అంటే ఈ వారం కాన్పు ఉన్న ఇంటివాళ్లు, మీరే అడగండి. 'సిస్టర్, మా బిడ్డకు కాలికి ఆక్సిజన్ చూశారా, ఎంత వచ్చింది, ఈ కాగితం మీద రాయండి' అనండి. మొహమాటపడకండి. మేం పడ్డాం.

ఎడిటర్ గారూ, మీ విలేకరులు నగరంలోని ప్రతి ఏరియాలో ఉన్నారు. వాళ్లను ఒక్కొక్కరికి పది ప్రసూతి ఆసుపత్రులకు పంపి, 'మీ దగ్గర పసిబిడ్డకు పెట్టే ప్రోబ్ ఉందా, నిన్న పుట్టిన వాళ్లలో ఎంతమందికి పెట్టారు' అని రెండే ప్రశ్నలు అడిగించండి. వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు వేయండి, ఆ సాయం కోరే బాక్సు వేసే పేజీలోనే.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్, హైదరాబాద్
ఉద్యోగ కారణాల వల్ల పేరు వేయవద్దని మనవి.